ఈకల నాచుతో పేచీ

బ్రయాప్సిస్ అనే సముద్రపు నాచు పోగొకటి తెంపి, గాజు పళ్లెంలో ఉప్పునీటి చుక్కలో పెట్టి సూదితో నొక్కితే లోపలి పచ్చటి రసమంతా బయటికొచ్చేస్తుంది. ఇక దాని పని అయిపోయిందనుకుంటాం. సూక్ష్మదర్శిని దగ్గరే కాసేపు కూర్చుంటే వేరే సంగతి కనిపిస్తుంది. నీళ్లలో చెదిరిపోయిన పచ్చ రేణువులు మెల్లగా దగ్గరకు చేరి ముద్దలు కడతాయి. పది ఇరవై నిమిషాల్లో ఒక్కో ముద్ద చుట్టూ పలచటి పొర ఏర్పడుతుంది. ఆ తర్వాత పొర మీద గోడ లేస్తుంది. అన్నీ బతకవు గానీ, బతికినవి మళ్లీ పోగులుగా సాగి పూర్తి నాచు మొక్కలవుతాయి. ఒక మొక్కను నలిపితే పది మొక్కలు.

పగడాల అక్వేరియం పెట్టుకుని, రాళ్ల మీద మొలిచిన ఈ నాచును టూత్‌బ్రష్షుతో కసాకసా రుద్దేవాళ్లు తెలియకుండా చేస్తున్నది ఈ ప్రయోగమే. ఒక రాయి శుభ్రమవుతుంది. రెండు వారాల్లో నాలుగు రాళ్ల మీద పచ్చగా కనిపిస్తుంది. పంపులు ఆ తునకల్ని ట్యాంకంతా తిప్పి పంచిపెడతాయి మరి.

పగడాల ట్యాంకు అంటే బంగారు చేపల తొట్టి లాంటిది కాదు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలున్న నీళ్లు, 25–26 డిగ్రీల దగ్గర నిలిపి ఉంచే వేడి, పైన నీలి ఎల్‌ఈడీ దీపాలు, అలల్లా నీటిని తోసే పంపులు, మలినాల్ని నురగతో పాటు బయటికి లాగే ప్రొటీన్ స్కిమ్మర్. ఇంత సరంజామా పెట్టాక కూడా యజమాని కంటికి నిద్ర లేకుండా చేసేది నాచే. మందు ఏం వేయాలన్నది చాలామంది మొదట అడిగే ప్రశ్న. నన్నడిగితే దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండు: వచ్చింది ఏ నాచు, దాని తిండి ఎక్కణ్నుంచి వస్తోంది.

ట్యాంకులో పెరిగేదంతా ఒకటే నాచు కాదు. కొత్త ట్యాంకులో ఇసుక మీద గోధుమరంగు పొడిలా పరుచుకునేవి డయాటమ్‌లు. వాటికి సిలికా కావాలి. అది అయిపోతే కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి, వాటి కోసం ఆయాసపడక్కర్లేదు. ముదురు ఎరుపు రంగులో, చాపలా లేచొచ్చే జిగట పొర అసలు నాచే కాదు, సయనో బ్యాక్టీరియా. ఆకుపచ్చ గాజు గోళీల్లా మెరిసేది వెలోనియా. గోళీ మొత్తం ఒకే కణం. ఈ జాతిలో వెంట్రికోసా అనేది 5 సెంటీమీటర్లకు పైగా పెరిగి, ప్రపంచంలోని అతిపెద్ద ఏకకణ జీవుల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. జుట్టు కుచ్చులా వేలాడే పచ్చ నాచు చాలాసార్లు డెర్బేసియా. దీని జీవితంలో బుడగ రూపంలో ఉండే ఇంకో దశ ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని వేరే జాతి అనుకుని హాలిసిస్టిస్ అని పేరు పెట్టేశారు. రెండూ ఒకటేనని జర్మన్ శాస్త్రవేత్త పీటర్ కోర్న్‌మాన్ 1938లో తేల్చేదాకా ఆ పొరపాటు సాగింది. నిపుణులే బోల్తా పడ్డ చోట, ట్యాంకు ముందు నిలబడి తికమకపడేవాళ్లను తప్పుపట్టలేం.

బ్రయాప్సిస్‌ను గుర్తుపట్టడానికి మాత్రం పది రూపాయల భూతద్దం చాలు. ఒక కుచ్చు తీసి తెల్ల పింగాణీ గిన్నెలో నీళ్లు పోసి వదలండి. నడుమ ఒక కాడ, దానికి అటూ ఇటూ వరసగా సన్నటి రెమ్మలు, చివరికొచ్చేసరికి పొట్టిపొట్టిగా మారి అచ్చం ఈకలా కనిపిస్తే అది బ్రయాప్సిసే. ఈక ఆకారం లేకుండా దారాల్లా విడిపోతే డెర్బేసియా కావచ్చు. ఇంత పెద్ద ఈకలోనూ అడ్డుగోడలుండవు. మొత్తం ఒకే గొట్టం, అందులో వేల కేంద్రకాలు తేలుతూ ఉంటాయి. ఎక్కడ తెగినా అక్కడికక్కడే బిరడా పడుతుంది, రెండు ముక్కలూ బతుకుతాయి. పట్టు దారాల్లాంటి దాని వేళ్లు రాతి రంధ్రాల్లోకి దిగి ఉంటాయి. పైన పీకితే పొలంలో తుంగ పీకినట్టే, కింద మిగిలింది మళ్లీ లేస్తుంది.

ఇక తిండి సంగతి. సముద్రంలో పగడపు దిబ్బల మీది నీళ్లలో ఫాస్ఫేటు లీటరుకు 0.03 మిల్లీగ్రాముల కంటే తక్కువే. నైట్రేటు కూడా నామమాత్రం. అందుకే దిబ్బల మీద నాచు పెరగదని చాలాకాలం అందరూ సరిపెట్టుకున్నారు. అది సగమే నిజమని జమైకా చూపించింది. అక్కడి దిబ్బల మీద చేపల్ని అప్పటికే విపరీతంగా పట్టేశారు. 1980లో పెద్ద తుపాను పగడాల్ని విరగ్గొట్టింది. అయినా నాచును మేసేందుకు డయాడెమా అనే నల్లటి పొడుగు ముళ్ల సీ అర్చిన్లు లక్షల్లో మిగిలాయి కాబట్టి దిబ్బలు నిలదొక్కుకున్నాయి. 1983లో పనామా తీరంలో మొదలైన ఏదో తెగులు ఏడాది తిరిగేసరికి కరీబియన్ అంతటా ఆ అర్చిన్లను దాదాపు తుడిచిపెట్టేసింది. మేసే నోళ్లు పోయాయి. 1970ల చివర్లో జమైకా దిబ్బల మీద 52 శాతం దాకా ఉన్న పగడాల విస్తీర్ణం 1990ల మొదటికి 3 శాతానికి పడిపోయింది. 4 శాతం ఉన్న నాచు 92 శాతమైంది. టెరీ హ్యూస్ 1994లో ‘సైన్స్’ పత్రికలో ఈ లెక్కలు ప్రచురించాక, నీటిలో ఎరువు ఎంతుందన్నదాంతో పాటు మేసేవాళ్లు ఎందరున్నారని కూడా అడగడం శాస్త్రవేత్తలకు అలవాటైంది.

ఎందరన్నదే కాదు, ఎవరన్నదీ ముఖ్యమే. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఓర్ఫియస్ ద్వీపం దగ్గర కొంత చోటును వలల పంజరాలతో మూసి చేపల్ని రానివ్వకుండా ఉంచారు. లోపల సర్గాసం నాచు అడవిలా పెరిగింది. పంజరాలు తీసేశాక సర్జన్ చేపలో, చిలక చేపలో వచ్చి దుమ్ము దులుపుతాయని ఎదురుచూశారు. ఆ చుట్టుపక్కల 43 రకాల శాకాహార చేపలున్నా అవి పెద్దగా పట్టించుకోలేదు. వచ్చి అంతా ఊడ్చిపెట్టింది బ్యాట్‌ఫిష్ అనే ఒక చేప. అప్పటిదాకా దాన్ని పురుగూ పుట్రా తినే చేపగానే లెక్కేసేవాళ్లు. డేవిడ్ బెల్‌వుడ్ బృందం 2006లో వెల్లడించిన ఈ ప్రయోగం అక్వేరియం వాళ్లకు బాగా అక్కరకొస్తుంది. ‘నాచు తినే చేప ఒకటివ్వండి’ అని దుకాణంలో అడిగి తెచ్చుకున్న చేప మన ట్యాంకులో ఉన్న నాచును తినాలని ఎక్కడా లేదు.

బ్రయాప్సిస్ విషయంలో మరీను. టర్బో నత్తలు, సర్జన్ చేపలు డెర్బేసియాను లేతగా ఉన్నప్పుడు బాగానే మేస్తాయి. బ్రయాప్సిస్ దగ్గరకొచ్చేసరికి చాలావరకు ముఖం తిప్పేస్తాయి. హవాయి తీరంలో బ్రయాప్సిస్‌లో కహలలైడ్లు అనే విష పదార్థాలు దొరికాయి. వాటిలో ఒకటైన కహలలైడ్ ఎఫ్‌ను క్యాన్సర్ మందుగా మనుషుల మీద కూడా పరీక్షించారు. ఆ విషాన్ని నాచు సొంతంగా తయారుచేసుకోదు. దాని లోపల కాపురముండే ఒక బ్యాక్టీరియా చేసిపెడుతుందని 2019లో తేలింది. ఈ నాచును ఇష్టంగా తినే ప్రాణి ఎలీసియా అనే సముద్రపు స్లగ్గు. నాచు గొట్టానికి కన్నం పెట్టి రసం పీల్చుకుని, ఆ విషాన్ని తన ఒంట్లో దాచుకుని చేపల బారి నుంచి తప్పించుకుంటుంది. మరి స్లగ్గునే తెచ్చి వదిలితే? దొరికితే మంచిదే. కానీ నాచు అయిపోగానే అది ఆకలితో చస్తుంది, అంతకంటే ముందే పంపులో పడి నలిగిపోయే అవకాశమూ ఉంది. చిన్న ట్యాంకులో దాన్ని వదలడం నాకు న్యాయంగా అనిపించదు.

ట్యాంకులో నాచు తిండి ఎలా పోగవుతుందో ఒక లెక్క వేసి చూద్దాం. చేపల మేతలో భాస్వరం సుమారు 1 శాతం అనుకుంటే, రోజుకు ఒక గ్రాము మేత వేసినా 10 మిల్లీగ్రాముల భాస్వరం నీళ్లలోకి చేరినట్టే. ఫాస్ఫేటు రూపంలో చూస్తే అది 30 మిల్లీగ్రాములు. 200 లీటర్ల ట్యాంకులో దాన్ని ఎవరూ వాడుకోకపోతే ఒక్క రోజులో లీటరుకు 0.15 మిల్లీగ్రాములు పెరుగుతుంది. సముద్రంలో ఉండే గరిష్ఠానికి అయిదు రెట్లు, అదీ ఒక్క రోజుకి! చిటికెడు మేతే కదా అని వేసే చిటికెడు చేసే పని ఇది. వారానికోసారి పదో వంతు నీళ్లు మార్చి దీన్ని తీసేయాలనుకోవడం భ్రమ. నీళ్లు మార్చడం వేరే కారణాలకు మంచిది గానీ, ఫాస్ఫేటు బాకీ దాంతో తీరదు.

చిత్రమేమిటంటే, ట్యాంకంతా నాచు పట్టినవాళ్లు నీళ్లు పరీక్షించి ‘ఫాస్ఫేటు సున్నా వచ్చింది, మరి నాచెందుకొచ్చింది’ అని తలపట్టుకుంటారు. వచ్చింది వచ్చినట్టు నాచే తినేస్తుంటే నీళ్లలో ఏం మిగులుతుంది? ఇంకో మోసం రాళ్లలో ఉంది. పగడపు రాయి కాల్షియం కార్బొనేటు. అది ఫాస్ఫేటును తన ఒంటికి అంటించుకుని దాచుకుంటుంది. నీళ్లలో తగ్గినప్పుడల్లా కొంచెం కొంచెంగా వదులుతుంది. పాత ట్యాంకు నుంచి చవగ్గా కొన్న రాళ్లతో పాటు పాత యజమాని వేసిన మేత కూడా మనింటికి వస్తుందన్నమాట.

మన ఊళ్లలో ఇంకో దారి ఉంది, నీళ్లు. హైదరాబాద్‌లో వేసవిలో మూత లేని ట్యాంకు నుంచి రోజూ లీటర్ల కొద్దీ నీరు ఆవిరవుతుంది. ఉప్పు ఎగరదు, నీరే ఎగురుతుంది కాబట్టి దానికి బదులు మంచినీళ్లు పోయాలి. బోరు నీళ్లు పోస్తే నైట్రేటు, సిలికా, ఇంకా ఆ నేలలో ఏముంటే అదీ రోజూ చేరుతూ పేరుకుపోతుంది. వంటింటి ఆర్ఓ యంత్రం నీళ్లు చాలవా అంటే, వాటిలో చాలావరకు రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్లీ కలుపుతాయి. మనిషికి అది మంచిదే, పగడాలకు కాదు. ఆర్ఓ తర్వాత డీఅయనైజేషన్ గొట్టం కూడా దాటి, నీటిలో కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించిన నీళ్లే వాడాలి. విశాఖ, కాకినాడల్లో కొందరు సముద్రం నుంచే నీళ్లు తెచ్చి పోస్తారు. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, ఒండ్రు వల్లే మన తీరంలో పగడపు దిబ్బలు లేవు. అలాంటి తీరపు నీళ్లు పగడాలకు నచ్చుతాయని ఎలా అనుకుంటాం? పైగా విశాఖ రాళ్ల మీద నాచులకు కొదవ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞులు ఉమామహేశ్వరరావు, శ్రీరాములు 1964లోనే అక్కడి నాచుల మీద పెద్ద అధ్యయనం ప్రచురించారు. వాటి బీజాలు బిందెలో ఉచితంగా వస్తాయి.

ఎదురు దారి కూడా ఉంది: నాచును నాచుతోనే గెలవడం. అమెరికాలో స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ 1980 ప్రాంతంలో ఈ పని చేసి చూపించాడు. దీపం కింద ఒక వలతెర మీదుగా ట్యాంకు నీళ్లు పారించి, నాచును అక్కడ పెరగనిచ్చి, వారానికోసారి గీకి పారేయడం ఆయన పద్ధతి. గీకిన నాచుతో పాటు ఫాస్ఫేటూ బయటికి పోతుంది. ఇప్పుడు చాలామంది అదే ఉద్దేశంతో ట్యాంకు కిందనుండే నీటి గదిలో కీటోమార్ఫా నాచును పెంచుతున్నారు. అది రాళ్లను పట్టుకోదు, తీగల ఉండలా విడిగా తేలుతుంది. చేత్తో గుప్పెడు తీసేయడం సులువు. ఇనుప ఆక్సైడు గుళికలతో ఫాస్ఫేటును పీల్చే పద్ధతీ ఉంది గానీ దాన్ని మెల్లగా మొదలుపెట్టాలి. ఒక్కసారిగా లాగేస్తే ముందు నష్టపోయేది పగడాలే.

సున్నా మీద మోజు ఇంకా ప్రమాదం. గుళికలూ స్కిమ్మరూ కలిపి నైట్రేటు, ఫాస్ఫేటు రెండింటినీ నిజంగానే సున్నాకు తెచ్చిన ట్యాంకుల్లో తరచుగా డైనోఫ్లాజెలేట్లు విజృంభిస్తాయి. చీమిడిలా సాగే గోధుమరంగు జిగురు, అందులో గాలి బుడగలు, మధ్యాహ్నానికి ముదిరి రాత్రికి పలచబడటం వాటి గుర్తులు. వాటిలో ఆస్ట్రియాప్సిస్ లాంటివి విషాలు వదిలి, మనం డబ్బు పోసి కొన్న నత్తల్ని చంపేస్తాయి. అప్పుడు చేయాల్సింది నీళ్లలోకి నైట్రేటు, ఫాస్ఫేటు కొలిచి మళ్లీ కలపడం. రెండేళ్లు వాటిని తగ్గించడానికే ఖర్చుపెట్టినవాడికి ఈ సలహా మింగుడుపడదు. కానీ పగడాలకూ తిండి కావాలి. నైట్రేటు లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఫాస్ఫేటు 0.05 దగ్గర ఉంటే కంగారేమీ లేదు.

మళ్లీ బ్రయాప్సిస్ దగ్గరకు వద్దాం. ఇది తిండి తగ్గించినంత మాత్రాన లొంగదు, మేసేవాళ్లకూ లొంగదు. ఒకప్పుడు మెగ్నీషియం మార్గం నడిచింది. సముద్రంలో లీటరుకు దాదాపు 1,300 మిల్లీగ్రాములుండే మెగ్నీషియాన్ని ఒక ప్రత్యేక ద్రావణంతో 1,600 దాటిస్తే నాచు తెల్లబడి చచ్చేది. వేరే కంపెనీల మెగ్నీషియంతో అంత బాగా పనిచేయకపోయేసరికి, చంపుతున్నది మెగ్నీషియం కాదు, ఆ ద్రావణంలోని ఇంకేదో మలినమై ఉంటుందన్న అనుమానం బలపడింది. తర్వాత ఫ్లూకోనజోల్ వచ్చింది. మనుషులకు ఫంగస్ జబ్బులకు ఇచ్చే మందే. ఫంగస్ కణపొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసే ఒక ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఆకుపచ్చ నాచుల్లోనూ అలాంటి స్టెరాళ్లే ఉంటాయి కాబట్టి అక్కడా దెబ్బ అదే చోట పడుతుందని అంచనా. గాలన్‌కు 20 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాముల మోతాదు వాడుకలో ఉంది. మందు నీళ్లలో ఉన్నన్నాళ్లు నీటిని వడగట్టే యాక్టివేటెడ్ కార్బన్‌ను తీసేస్తారు, స్కిమ్మర్ ఆపితే గాలి బుడగలు వదిలే రాయి పెడతారు. రెండు మూడు వారాల్లో ఈకలు పాలిపోయి రాలుతాయి.

పనిచేస్తుందన్న మాట నిజమే. అయినా దీన్ని మొదటి అస్త్రంగా వాడటం నాకు సమ్మతం కాదు. చచ్చిన నాచు తాను తిన్నదంతా నీళ్లలోకి కక్కుతుంది. ముందే చేత్తో చాలా భాగం తీసేయకపోతే ఈ చావు ఇంకో నాచుకు పండగ. కాలెర్పా పెంచుకుంటున్నవాళ్లు దాని మీద ఆశ వదులుకోవాలి, అది బ్రయాప్సిస్‌కు దగ్గరి చుట్టం. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందు. ఫంగస్‌లు ఇప్పటికే ఈ మందులకు మొండికేస్తున్న రోజుల్లో, గ్రాముల కొద్దీ మందు కలిసిన నీళ్లను కాలువలోకి వదలడం తప్పు. వాడితే తాజా కార్బన్‌తో నీటిని కొన్ని రోజులు వడగట్టాకే పారబోయాలి.

చేత్తో తీయడానికి ఒక పద్ధతుంది. పంపులు ఆపండి. కదిలే రాయి అయితే దాన్ని ట్యాంకు నీళ్లు పోసిన బకెట్లోకి తెచ్చి అక్కడే పట్టకారుతో వేరుతో సహా లాగండి. మిగిలిన మొదళ్ల మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి, ఒకట్రెండు నిమిషాలాగి, వేరే ఉప్పునీళ్లలో కడిగి మళ్లీ పెట్టండి. కదలని రాయి అయితే సన్నటి గొట్టంతో నీళ్లను బయటికి పీలుస్తూ, ఆ గొట్టం మూతి దగ్గరే నాచును తెంపాలి. తునకలు తప్పించుకోకూడదు. చేతికి గ్లవుజులు, కళ్లకు అద్దాలు మరవొద్దు.

విసుగొచ్చి రాయిని గిన్నెలో పెట్టి మరిగించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. రాళ్ల మీద పెరిగే జొయాంథిడ్ పగడాల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. వేడి ఆవిరితో పాటు అది గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఇలాంటి పగడాల వల్ల ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

తీసిన నాచును ఎక్కడ వేయాలన్నది చాలామంది ఆలోచించని సంగతి. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం గోడల కింద మధ్యధరా సముద్రంలో ఒక చదరపు మీటరు మేర కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు కనిపించింది. అక్వేరియంలలో అందం కోసం పెంచే, చలికి తట్టుకునే రకం అది. 1989కి హెక్టారు దాటింది. ఆ తర్వాత వేల హెక్టార్లలో పరుచుకుంది. అలెక్సాండ్ర్ మైనెజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మొదటి నుంచీ హెచ్చరించినా అధికారులు ఏళ్ల తరబడి వాదించుకుంటూ గడిపారు. అదే రకం 2000లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ దగ్గరి ఉప్పుటేరులో తేలింది. అక్కడివాళ్లు ఆలస్యం చేయలేదు. నల్ల టార్పాలిన్లు కప్పి, కింద క్లోరిన్ పెట్టి చంపారు. పూర్తిగా పోయిందని 2006లో ప్రకటించేసరికి 70 లక్షల డాలర్ల పైనే ఖర్చయింది. మనకూ ఇలాంటి అనుభవముంది. సాగు కోసం తెచ్చిన కప్పాఫైకస్ నాచు తమిళనాడు మన్నార్ సింధుశాఖలో క్రుసాడై ద్వీపం దగ్గర బతికున్న పగడాల మీదికి ఎక్కిందని 2008లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక ప్రచురించింది.

కాబట్టి పీకిన నాచును మురుగు కాలువలోనో, విశాఖ బీచ్‌లోనో, పులికాట్‌లోనో వేయకండి. రెండు రోజులు ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి చెత్తబుట్టలో వేయండి. తునకలున్న బకెట్ నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక పూట ఉంచాకే పారబోయండి.